చెవులయ్య చరిచిన దుంగ

అనగనగా ఒక అడవి. మీరనుకున్నట్టు దానికి రాజు లేడు పిల్లలూ. రాజుల కాలం పోయి, ఓట్లేసుకుని సభ పెట్టుకున్న అడవి అది. సభాధ్యక్షుడు ఒక ముసలి ఎలుగుబంటి. యుద్ధమంత్రి ఒక కొండముచ్చు. చిట్టచివరి వరుసలో, ఎండ నేరుగా నెత్తిన పడే చోట, మన కుందేలు చెవులయ్య.

చెవులయ్యను గెలిపించింది ఏటిగట్టు మీది బొరియలవాళ్ళు. ఆ ఏడు ఏటి అవతలి తోడేళ్ళతో యుద్ధం వచ్చింది. గట్టు పొడవునా ముళ్ళకంచె వేశారు. వేశారు గానీ, సరిగ్గా బొరియల దగ్గర ఒక కంత వదిలేశారు. తోడేలు తల వంచకుండా దర్జాగా నడిచొచ్చేంత కంత. దాని పక్కనే ఒక ముసలి కుందేలు, నలుగురు మనవలతో కాపురముండేది. చెవులయ్య సభకు బయల్దేరుతుంటే ఆ అవ్వ గడ్డం పట్టుకుని మరీ అడిగింది.

"నాయనా, నాకింకేమీ వద్దు. ఆ కంత పూడ్పించు చాలు."

"అదెంత పని అవ్వా" అన్నాడు చెవులయ్య.

మొదటి రోజు లేచి నిలబడి, గొంతు సవరించుకుని "అధ్యక్షా" అన్నాడు. దారి పొడవునా సాధన చేసిన మాట కదా, బాగానే పలికింది. అంతలో కొండముచ్చు లేచి మన సేన ప్రతాపం గురించి అందుకున్నాడు. సభ్యులంతా తమ ముందున్న బోలు దుంగల్ని టపటపా చరిచారు. ఆ సభలో మెచ్చుకోవడమంటే అదే. కొండముచ్చు ఆపేసరికి పొద్దుగూకింది.

రెండో రోజు "అధ్యక్షా, మా గట్టు మీద" అనేసరికి ఎలుగుబంటి గంట కొట్టేశాడు. యుద్ధం జరుగుతుంటే ప్రశ్నలేమిటి, శత్రువు వింటే ఏమనుకుంటాడు, కూర్చోమన్నాడు. ఆ కంత శత్రువుకు రోజూ కనబడుతూనే ఉంది. కనబడనిది సభకే. చెవులయ్య ఆ ముక్క గొంతులోనే మింగి కూర్చున్నాడు.

సభ ముగిశాక తొండ వచ్చింది. అది పార్టీకి విప్. ఎవరు ఎప్పుడు తల ఊపాలో చెప్పడమే దాని ఉద్యోగం, అందుకే దాని తల ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. అది చెవులయ్యను పక్కకు పిలిచి, ముందు వరుసలో ఒక దుంగ ఖాళీగా ఉందనీ, దానికి మంచి నీడ ఉందనీ, చుట్టూ లేత గరిక కూడా ఉందనీ చెప్పింది.

"రేపు మాత్రం నోరు మెదపకండి. గట్టిగా చరవండి. మిగతాది నేను చూసుకుంటాను."

చెవులయ్యకు నోరూరింది. సిగ్గు కూడా వేసింది గానీ, నోరూరాక వేసింది.

మూడో రోజు సేనంతా సభ పక్కనే బారులు తీరి తన పొగడ్తలు తనే వింటోంది. మనది ఉక్కు కంచె, చీమ కూడా దూరదు, అన్నాడు కొండముచ్చు. దుంగలు మోగాయి. సరిగ్గా అప్పుడే ఏటి వైపు నుంచి టక్ టక్ టక్ అని వినబడింది. అది కాపలా వడ్రంగిపిట్ట. తోడేళ్ళు ఏరు దాటితే ఎండుమానును అలా పొడవమని దానికి చెప్పి పెట్టారు. సభ్యులకేమో అది ఇంకో దుంగ చప్పుడనిపించింది. ఎవరో తమకన్నా గట్టిగా మెచ్చుకుంటున్నారని కంగారుపడి, అందరూ ఇంకా గట్టిగా చరిచారు.

చెవులయ్యకు మాత్రం తెలిసిపోయింది. అంతేసి చెవులున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? లేచి ఒక్క కేక వేస్తే సేన పరుగెత్తుతుంది. కాకపోతే మంత్రిగారి మాట అబద్ధమైపోతుంది, నీడ దుంగ చేజారిపోతుంది. తొండ అతని వైపే చూస్తూ తల ఊపుతోంది.

మళ్ళీ టక్ టక్ టక్. చెవులయ్య రెండు చెవులూ వీపు మీదికి మడిచేసుకుని దుంగ చరిచాడు. మూడోసారి పిట్ట పొడిచినప్పుడు మరీ గట్టిగా చరిచాడు. ఆ తర్వాత పిట్ట పొడవలేదు.

మర్నాడు అవ్వ సభకు వచ్చింది. ఒక్కతే వచ్చింది. చెవులయ్య అప్పటికే ముందు వరుసలో నీడన కూర్చుని ఉన్నాడు. అవ్వ అతణ్ణి పలకరించకుండా గోరువంక దగ్గరికి వెళ్ళింది. సభలో అన్న ప్రతి మాటా గుర్తుపెట్టుకుని అప్పజెప్పడం గోరువంక పని. మావాడు మా కోసం ఏం మాట్లాడాడో చెప్పమ్మా అని అడిగింది.

గోరువంక కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. "మొదటి రోజు, అధ్యక్షా. రెండో రోజు, అధ్యక్షా, మా గట్టు మీద. మూడో రోజు మాటలేమీ లేవు. గౌరవ సభ్యులు అందరికన్నా గట్టిగా దుంగ చరిచారు."

అవ్వ అప్పుడు చెవులయ్య వైపు తిరిగింది.

"ఆ చప్పుడు మా బొరియదాకా వినబడింది నాయనా. మనవాడు మన కంత గురించి మాట్లాడుతున్నాడు, అందుకే సభంతా మోగిపోతోందని పిల్లలకు నేనే చెప్పాను. సంబరంగా బయటికెళ్ళి గంతులేశారు. నలుగురూ."

చెవులయ్య నోరు తెరిచాడు. "అధ్యక్షా" అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు.

నీతి: నోరు విప్పమని పంపితే చప్పట్లు కొట్టి ఊరుకున్నవాడు, తన వాళ్ళ ఇంటి తలుపు శత్రువుకు తన చేత్తోనే తీసినట్టు.