ఆశీర్వాదం గారి సొరబుర్ర

గుగ్గిలంకోన అనే అడవిలో గువ్వలు, కౌజుపిట్టలు, ఉడతలు, కుందేళ్ళు, ఎలుకలు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. ఆదివారం పొద్దున్నే అన్నీ పెద్ద ఇప్పచెట్టు కింద చేరి, తమను పుట్టించిన ప్రభువును పాటలతో ఆరాధించేవి. సమాధానం అనే ముసలి తాబేలు ప్రార్థన చేయించేవాడు.

ఆ కోనలో ఒక మంచి అలవాటు ఉండేది. ప్రతి ఇంట్లో ఒక సొరబుర్ర వేలాడుతూ ఉండేది. రోజూ తినబోయే ముందు ఎవరి తిండిలోంచి వాళ్ళు కొంత తీసి అందులో వేసేవాళ్ళు. పిట్టలైతే ముక్కెడు, ఎలుకలైతే బుగ్గెడు, కొండముచ్చులైతే గుప్పెడు. ఆదివారం ఆ బుర్రలు ఇప్పచెట్టు కిందికి వచ్చి, అక్కడి నుంచి తిండి వెతుక్కోలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవి. ఇంటికి రెండేసి బుర్రలు ఉండేవి. ఒకటి వెళితే రెండోది నిండుతూ ఉండేది. ఒకరి బుర్రలోకి ఇంకొకరు తొంగిచూసేవాళ్ళు కారు. అంత నమ్మకం.

ఏ బుర్ర ఏ ఇంటికి వెళ్ళాలో చూసే పని కౌజుపిట్ట సంతోషమ్మది. పేరు సంతోషమ్మే గానీ ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. అబద్ధం చెవిన పడితే చాలు, ఒంటి మీద ఈకలన్నీ లేచి నిలబడేవి.

కోన మొత్తంలో పెద్ద బుర్ర కొండముచ్చు ఆశీర్వాదానిది. ఆదివారం ప్రార్థనలో తన భక్తి గురించి సాక్ష్యం చెప్పడానికి అందరికంటే ముందు లేచేవాడూ అతనే. "నేను రోజూ నోట్లో ముద్ద పెట్టుకోకముందే బీదలకు రెండు గుప్పిళ్ళు తీసి పెడతాను. లేకపోతే నాకు తిండి సయించదు," అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ సాక్ష్యం ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగేది. కుందేలు పిల్లలు హాయిగా నిద్రపోయేవి.

చిట్టెలుక తీతుకు ఒక కాలు కుంటి. ఎక్కువ దూరం తిరగలేడు. అతని బుర్ర నిమ్మకాయంత ఉండేది. "ఏం తీతూ, ప్రభువుకిచ్చేది ఇంతేనా?" అని ఆశీర్వాదం అందరిముందూ నవ్వేవాడు. తీతు తల దించుకునేవాడు. సంతోషమ్మ కూడా ఒకసారి ఆ నవ్వులో కలిసింది.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. గువ్వ లేయమ్మ భర్తను డేగ ఎత్తుకుపోయింది. అడ్డం వెళ్ళిన లేయమ్మకు రెక్క విరిగింది. గూట్లో ఇద్దరు పిల్లలు. కళ్ళు తెరిచి నాలుగు రోజులే అయింది. వాళ్ళు బతకాలంటే ఆదివారం బుర్ర తప్ప వేరే దారి లేదు.

"లేయమ్మ ఇంటికి నా బుర్రే వెళ్ళాలి," అని ఆ ఆదివారం ఆశీర్వాదం లేచి చెప్పాడు. "అదొక్కటి చాలు, వారమంతా కడుపునిండా తింటారు. వేరే బుర్రలు ఎందుకు?"

అందరూ స్తోత్రం అన్నారు. నాలుగు ఉడతలు ఆ బుర్రను మోసుకెళ్ళి, రేలచెట్టు మొదటి కొమ్మ మీద లేయమ్మ గూటి పక్కన వేలాడదీశాయి. ఇంత పెద్ద బుర్ర ఇంత తేలిగ్గా ఉందేమిటని ఉడతలు అనుకున్నాయి. తొంగిచూడకూడదు గనక సంతోషమ్మ ఊరుకుంది.

బుధవారం ముసురు పట్టింది. పలకరిద్దామని సంతోషమ్మ వెళ్ళేసరికి లేయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంది.

"ఏమైంది చెల్లీ?"

"చూడక్కా," అంటూ లేయమ్మ బుర్రను వంచింది.

పైన రెండు గుప్పిళ్ళు కొర్రలు ఉండేవట. అవి నిన్నటికే అయిపోయాయి. వాటి కింద అడుగుదాకా ఉత్త పొట్టు. చిన్నపిల్ల మెడ నిలపలేక గూటి అంచు మీద తల వాల్చేసింది.

"నిన్ననే కబురు పెట్టలేకపోయావా?"

"అంత పెద్దాయన ఇచ్చింది కదక్కా. మేమే ఆత్రంగా తినేశామేమో, తప్పు నాదేనేమో అనుకున్నాను."

ఆ మాటకు సంతోషమ్మ ఒళ్ళు మండిపోయింది. మోసం చేసినవాడు గుహలో వెచ్చగా పడుకున్నాడు. మోసపోయిన ఈ తల్లి తప్పు తనదేమోనని కుమిలిపోతోంది. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉందా?

కానీ ముందు పిల్లకు తిండి కావాలి. ఆమె వానలో తడుస్తూ దగ్గరలో ఉన్న తీతు కన్నం దగ్గరికి పరుగెత్తింది.

"తీతూ, నీ బుర్రలో ఏమైనా ఉందా నాయనా?"

"మూడు రోజులవి ఉన్నాయి అత్తా. ఇవాళ్టివి ఇప్పుడే వేశాను. నేనింకా తినలేదు," అంటూ తీతు బుర్రను ఆకులో కుమ్మరించాడు. చారెడు కూడా లేవు. అయితే అన్నీ గట్టి గింజలే. ఒక్కటీ తాలు లేదు.

సంతోషమ్మ ఆ గింజలను ఆకులో మూటగట్టింది. "ఆ రోజు నిన్ను చూసి నేనూ నవ్వాను. నన్ను మన్నించు."

"అవన్నీ తరవాత చూద్దాం అత్తా. ముందు పిల్ల సంగతి చూడు."

ఆ గింజలు కడుపులో పడ్డాక చిన్నపిల్ల మెల్లగా తల ఎత్తింది. అది చూశాకే సంతోషమ్మ ఆశీర్వాదం గుహకు బయలుదేరింది.

గుహలో అతని రెండో బుర్ర కొయ్యకు వేలాడుతోంది. దాని మూతి నిండా సాలెగూడు. మధ్యలో బొద్దుగా ఒక సాలీడు కూర్చుని ఉంది. అది అక్కడ కాపురం పెట్టి చాలా రోజులే అయినట్టుంది.

"వందనాలు సంతోషమ్మా. ఇంత వానలో వచ్చావేం?" అన్నాడు ఆశీర్వాదం పండు కొరుకుతూ.

"నీ బుర్రలో మూడు రోజుల గింజలు ఉండాలి. లేయమ్మ పిల్లలకు కావాలి. ఇవ్వు."

"శనివారం నింపుతానులే. ఆదివారానికి నిండితే చాలదా? ప్రభువు అందాకా ఆగలేడా?"

"ప్రభువు ఆగగలడు. ఆకలేసిన పిల్ల ఆగలేదు."

ఆశీర్వాదం ముఖం చిట్లించాడు. "నేను పొట్టు పోశానని ఎవరు చూశారేం?"

"పొట్టు మాట నేను ఎత్తనే లేదే," అంది సంతోషమ్మ.

అతని చేతిలో పండు అలాగే ఉండిపోయింది. ఎగిరి కళ్ళు పొడిచేయాలన్నంత కోపం వచ్చింది సంతోషమ్మకు. దాన్ని పళ్ళబిగువున అణుచుకుంది అందామంటే ఆమెకు పళ్ళు లేవు, ముక్కు బిగించి అణుచుకుంది. శనివారం దాకా ఇంటింటికీ తిరిగి తలా కాస్త అడిగి తెచ్చి పిల్లలను కాపాడుకుంది. తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ బుర్ర అడుగున ఏ రోజు గింజలు ఆ రోజువి ఉన్నాయి.

ఆదివారం వాన తెరిపిచ్చింది. ఆశీర్వాదం నిండు బుర్ర పట్టుకుని వచ్చి, ఏమీ జరగనట్టే సాక్ష్యానికి లేచాడు. అతని ధైర్యం చూసి సంతోషమ్మ ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"తాతా, ఇవాళ ఈయన్ని లేయమ్మ గూటి దగ్గర సాక్ష్యం చెప్పమనండి," అంది.

తాబేలు తాత ఆమె ముఖంలోకి చూశాడు. సంతోషమ్మ ఊరికే ఇలా అడగదని ఆయనకు తెలుసు. "పదండి," అన్నాడు. అందరూ రేలచెట్టు కిందికి నడిచారు. దారిలో సంతోషమ్మ జరిగిందంతా తాత చెవిన వేసింది.

"నీ చేత్తో నువ్వే పిల్లలకు పెట్టు నాయనా," అన్నాడు తాత.

ఆశీర్వాదం పైనుంచి కాసిని కొర్రలు తీయబోయాడు.

"పైవి కాదు. చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్నవి తియ్యి."

"పైవి మంచివే కదా తాతా."

"పైవి మేము ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాం. అడుగున ఉన్నవి ప్రభువు చూస్తున్నాడు. ఇవాళ మేమూ చూస్తాం."

ఆశీర్వాదం చెయ్యి అడుగుదాకా పెట్టాడు. అడుగునుంచి తీసిన గుప్పెడు తెరిచేసరికి గాలికి పొట్టు లేచి ముందు నిలబడ్డవాళ్ళ మీద పడింది. చిన్నపిల్ల అతని ఖాళీ అరచేతి ముందు నోరు తెరుచుకుని అలాగే ఎదురుచూస్తోంది.

ఆశీర్వాదం ఆ చిన్ని నోటివైపు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

"ఈ వారం నీ ఇంటికి వెళ్ళేది ఈ బుర్రే," అన్నాడు తాత. "నువ్వు బీదలకు పోసిందే నువ్వు తిను. ఆ తరవాత ఈ పిల్లలు ఎగిరేదాకా, రోజూ నువ్వు తినకముందు ఇక్కడికి వచ్చి గుప్పెడు పెట్టి వెళ్ళు."

ఆ వారమంతా ఆశీర్వాదం గుహ ముందు కొమ్మ మీద కూర్చుని పొట్టు నమిలాడు. అది గొంతు దిగక దగ్గుతుంటే కోన అంతా వినిపించేది. మళ్ళీ అతన్ని సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగలేదు. బుర్రలు చూసే పనిలో సంతోషమ్మకు తోడుగా తాత తీతును పెట్టాడు. లేయమ్మ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాక, రోజూ పొద్దున్నే తీతు కన్నం ముందు చెరొక గింజా పెట్టి వెళ్ళేవి. ఆ కుంటి ఎలుకకు ఇక తిండికి లోటు లేకపోయింది.

సంతోషమ్మ కోపం మాత్రం అంత తొందరగా చల్లారలేదు. ఒక మంగళవారం ఆమె చెప్పాపెట్టకుండా ఆశీర్వాదం గుహలోకి వెళ్ళి, కోన నియమం పక్కనపెట్టి, అతని బుర్రలోకి తొంగిచూసింది. అడుగున రెండు గుప్పిళ్ళు కొర్రలు ఉన్నాయి. మూతి మీద గూడు లేదు. సాలీడు కాపురం ఎత్తేసింది.

నీతి: ఎవరూ చూడని రోజున మనం ఎలా ఉంటామో, దేవుని ముందు మనం అంతే.