కొంగ మోకాలి కొలత

ఏటి మధ్యలో రెల్లులంక అనే చిన్న అడవి ఉండేది. అందులో కుందేళ్లు, ముంగిసలు, ఎలుకలు, ఒక ముసలి ఏదుపంది, ఒక కొంగల జంట కాపురం ఉండేవి. లంకకు పడమటి వైపు సన్నని ఇసుక దారి, అది దాటితే కొండ. వరద వచ్చిన ఏడాది జంతువులన్నీ ఆ దారినే కొండెక్కి ప్రాణాలు దక్కించుకునేవి. దారి మునిగిందంటే ఇక అంతే సంగతులు.

ఏరు ఎంత పెరిగిందో చెప్పే పని కొంగ ధవళయ్యది. పొడుగు కాళ్లున్నది అతనికే కదా. నీళ్లలో నిలబడి, మెడ నిక్కించి, ఎక్కడిదాకా తడిసిందో చెప్పేవాడు. అతని పొట్ట తడిస్తే అందరూ బయలుదేరాలని లంకలో కట్టుబాటు. ఆ పెద్దరికం ధవళయ్య తలకెక్కింది. తనను అడక్కుండా ఎవరైనా ఏటి వైపు చూస్తే అతనికి చిన్నతనంగా ఉండేది.

ఆ ఏడు ఒక వింత జరిగింది. లంక మీద చినుకు పడలేదు. ఎండ మండిపోతోంది. అయినా ఏరు పెరుగుతోంది. ఎగువన ఎక్కడో వానలు కురిశాయని పాపం లంకలో ఎవరికి తెలుసు? ఎండలో వరదేమిటని జంతువులన్నీ అయోమయంలో పడ్డాయి. ధవళయ్య దగ్గరికి పరుగెత్తాయి.

"మోకాలి దాకే," అన్నాడతను.

మధ్యాహ్నానికి ఏదుపంది బొరియలో నీళ్లు చేరాయి. మళ్లీ వెళ్లి అడిగాయి. మోకాలి దాకేనన్నాడు. పొద్దు వాలేసరికి కుందేళ్లు మేసే గరిక మునిగింది. అప్పుడూ మోకాలి దాకేనన్నాడు. అందరికీ బుర్ర తిరిగిపోయింది. ఏరు పెరగకపోతే ఇళ్లెందుకు తడుస్తున్నాయి? లంకే కిందికి దిగిపోతోందేమోనని ఒక కుందేలు అంది. నవ్వాల్సిన మాటే గాని, ఎవరికీ నవ్వు రాలేదు. ఇద్దరు ముగ్గురు అవునేమోనని తలూపారు కూడా.

కుందేళ్ల పెద్ద చెవులయ్యకు ఏమీ పాలుపోలేదు. బయలుదేరమన్నాడు. మళ్లీ ఆగమన్నాడు. ఎందుకు ఆగమన్నాడో అతనికే తెలియదు.

చిట్టెలుక పొట్టెమ్మకు మాత్రం ఆగే వీలు లేదు. ఆమెకు కళ్లు తెరవని పిల్లలున్నాయి. నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే కొండకు చేర్చాలి. దారి మునిగాక తెలిస్తే ఒక్కటీ దక్కదు. ఆ భయంతో ఆమె ధవళయ్య దగ్గరికి వెళ్లింది.

"బావా, పొద్దున ఎక్కడ నిలబడి కొలిచావు?"

"నీళ్ల అంచున."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ నీళ్ల అంచునే. ఏం, నా కాళ్ల మీద నమ్మకం లేదా?"

పొట్టెమ్మ అక్కడున్న వంకర తుమ్మచెట్టు వైపు చూసింది. పొద్దున ధవళయ్య ఆ చెట్టుకు అవతల నిలబడ్డాడు. ఇప్పుడు ఇవతల, చాలా ఇవతల ఉన్నాడు. పొద్దున తను గింజలు ఆరబోసుకున్న చెట్టు వేళ్లు కనిపించడం లేదు. చెట్టు తొర్రలోకి నీళ్లు పోతున్నాయి. అప్పుడు ఆమెకు సంగతి అర్థమైంది. ఈకలు తడుస్తాయని ధవళయ్య నీళ్లు పెరిగినప్పుడల్లా వెనక్కి జరుగుతున్నాడు. అబద్ధమాడటం లేదు. తను జరుగుతున్నట్టు తనకే తెలియదు.

"నువ్వు కదిలావు బావా. ఆ చెట్టు కదల్లేదు. దాన్ని చూడు. ముందు నీ గుడ్లు పైకి చేర్చుకో," అంది.

ధవళయ్య గూడు ఒడ్డునే, రెల్లు దుబ్బులో ఉంది. గుడ్ల మీద కూర్చున్న భార్య కూడా పైకి పోదామంది. పిడికెడు లేని ఎలుక నాకు ఏటి సంగతి చెప్పాలా అని ధవళయ్య మూతి తిప్పుకున్నాడు. మోకాలి దాకేనని చెప్పి భార్యను కూర్చోబెట్టాడు.

పొట్టెమ్మ వాదించలేదు. ఒక పిల్లను కరుచుకుని ఇసుక దారి పట్టింది. చెవులయ్య ఆమెను చూశాడు, చెట్టును చూశాడు. సగమే అర్థమైంది. అయినా ఈసారి ఆగమనలేదు. తన వాళ్లనూ, మిగతా జంతువులనూ దారి మీదికి తోశాడు. పెద్ద కుందేళ్లు ఎలుక పిల్లలను తలొకటి అందుకున్నాయి. చివరి ముంగిస దాటేసరికి దారి మీద నీళ్లు పారుతున్నాయి. కాసేపటికి దారే లేదు.

చీకటి పడకముందే ఏరు ఒక్కసారిగా పొంగింది. కొంగలు రెండూ ఎగిరి వచ్చి కొండ మీద వాలాయి. కింద రెల్లు దుబ్బు లేదు, గూడు లేదు, గుడ్లు లేవు. భార్య అతనికి దూరంగా, వేరే బండ మీద కూర్చుంది.

"నేను అబద్ధం చెప్పలేదు పొట్టెమ్మా. ప్రతిసారీ మోకాలి దాకే ఉంది," అన్నాడు ధవళయ్య.

"నిజమే బావా," అంది పొట్టెమ్మ, పిల్లలను పొట్ట కింద పొదువుకుంటూ. అతన్ని చూస్తే ఆమెకు జాలేసింది.

వరద తీశాక అందరూ లంకకు తిరిగి వచ్చారు. ఇప్పటికీ ఏరు చూసి చెప్పే పని ధవళయ్యదే. కానీ అతను మోకాలి మాట ఎత్తడు. తుమ్మచెట్టు ఎక్కడిదాకా మునిగిందో, అది చెబుతాడు. కొంగల కొత్త గూడు ఆ చెట్టు చిటారు కొమ్మన ఉంది.

నీతి: తాను వెనక్కి జరుగుతూ ప్రమాదం పెరగలేదనుకునేవాడు నష్టపోతాడు, కదలని గురుతును చూసుకునేవాడు గట్టెక్కుతాడు.