నోవహు పేరు ఎక్కడిది

"నేను అంత మంచి మాట చెబితే ఆమె విననే లేదు రబ్బీ" అన్నాడు హిర్షల్. గొంతులో బాధ కంటే అలకే ఎక్కువ.

హిర్షల్ యూదు మతగురువు రబ్బీ జెలిగ్ శిష్యుడు. హీబ్రూ మాటల పుట్టుక గురించి పాత వ్యాఖ్యాతలు చెప్పినవన్నీ ఒక పుస్తకంలో రాసుకునేవాడు. ఏ మాట దొరికినా దాని తాతముత్తాతల్ని తవ్వి తీసేవాడు. అడగకపోయినా చెప్పేవాడు.

ఆ ఊళ్ళో పీపాలు చేసే గెడల్యాకు ఒక్కడే కొడుకు, నోవహు. ఆరేళ్ళవాడు. జ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. పాతిపెట్టి వచ్చినప్పటి నుంచి తల్లి పెర్ల్ నోట మాట లేదు. గుక్కెడు నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇలాగే ఉంటే ఆమె కూడా దక్కదని ఊరంతా భయపడుతోంది.

"ఏం చెప్పావు?" అని అడిగారు రబ్బీ.

"జలప్రళయంలో ఓడ కట్టిన నోవహు పుట్టినప్పుడు తండ్రి 'వీడు మనల్ని ఓదారుస్తాడు' అని ఆ పేరు పెట్టాడు కదా. కానీ ఆ పేరు విశ్రాంతి అనే మాటలోంచి వచ్చినట్టుంది. ఈ రెంటికీ పొంతన ఎలాగని పెద్దలు వాదించుకున్నారు. నోవహు నాగలి చేసి అందరి చేతులకూ విశ్రాంతి ఇచ్చాడు, అదే ఓదార్పు అని ఒకాయన తేల్చారు. నిన్న ఆమె ముందు కూర్చుని అదంతా చెప్పాను. సగంలోనే లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది."

రబ్బీ లేచారు. చేతికర్ర తీసుకుని బయల్దేరారు. హిర్షల్ వెనకే నడిచాడు.

గెడల్యా ఇంట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. రబ్బీ వెళ్ళి అతని పక్కనే నేల మీద కూర్చున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా పలకరింపుకు వెళ్ళినవాళ్ళు మాట్లాడకూడదని వాళ్ళ ఆచారం. హిర్షల్‌కు అది తెలుసు. ఎక్కడ రాసి ఉందో కూడా తెలుసు.

చాలాసేపు గడిచింది. హిర్షల్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. రెండోసారి రబ్బీ అతని మోకాలి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తడిగా ఉంది. తలెత్తి చూస్తే గురువు ఏడుస్తున్నారు.

చివరికి గెడల్యాయే మాట్లాడాడు.

"వాడు పుట్టిన రోజున వరద, రబ్బీ. కొట్లోకి నీళ్ళొచ్చి పీపాలన్నీ తేలాయి. మంత్రసానిని పడవలో తెచ్చాను. వాడు కేరుమనేసరికి వాన ఆగింది. మా ఆవిడ నవ్వి, నోవహు దిగాడు అంది. అంతే, అదే పేరు."

లోపలి తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఆగలేదు" అంది పెర్ల్. గొంతు బొంగురుపోయి ఉంది. "తగ్గింది, అంతే. తెల్లారేదాకా కప్పు కారుతూనే ఉంది. వాడి మీద చుక్క పడకుండా నేను శాలువా పట్టుకుని కూర్చున్నాను."

వచ్చి భర్త పక్కన కూలబడింది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి గెడల్యా పప్పు గిన్నె అందిస్తే రెండు చెంచాలు తింది.

తిరిగి వస్తూ హిర్షల్ కోటు జేబులోంచి పుస్తకం తీశాడు. నోవహు పేరున్న పేజీ తెరిచి, కాసేపు చూసి, మూసేశాడు.

"నిన్న ఆమె నా మాట వినలేదనుకున్నాను" అన్నాడు.

"విన్నది నాయనా, అందుకే తలుపు వేసుకుంది" అన్నారు రబ్బీ.