దడి పక్కన పోతుతీగ

ఒక దడికి ఇటువైపు పందిరి ఉంది. అటువైపు కుండీలు ఉన్నాయి. పందిరి ఉన్నావిడని వీధివాళ్ళు పందిరమ్మ అన్నారు, కుండీలున్నావిడని కుండీలమ్మ అన్నారు. అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. వాళ్ళకైనా ఉన్నాయో లేదో!

పందిరమ్మ పందిరి మీద ఆగాకర కాసేది. ఏదో కాసిందంటే కాసిందని కాదు, పందిరి వంగిపోయేలా కాసేది. అది చూసి ఊరంతా "ఆవిడ చెయ్యి మంచిది" అనేవారు. ఆ ఊళ్ళో ఆ మాటకి చాలా విలువుంది. తొలకరి పడగానే ఊరి పెద్దరైతు చేటలో విత్తనాలు పోసుకుని, చెయ్యి మంచిదన్న మనిషి గుమ్మానికి వస్తాడు. ఆ మనిషి పొలానికి వెళ్ళి తొలి గింజ వేశాకే మిగతా ఊరు గింజ వేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ చేట పందిరమ్మ గుమ్మం ముందే ఆగేది. ఆవిడకి బతుకులో అంతకంటే పెద్ద పండగ లేదు.

అలాంటి సమయంలో కుండీలమ్మ దడి అవతల దిగింది. మూతి పోయిన బానలు, పగిలిన కుండలు, అడుగు ఊడిన బిందె ఒకటి పట్టుకుని దిగింది. వాటిలో మన్ను పోసింది. ఏది పెడితే అది మొలిచింది. ఎండుపుల్ల గుచ్చినా చిగురేసిందని చెప్పుకున్నారు. నేను అంతదాకా నమ్మను గానీ, బచ్చలీ బెండా మాత్రం చూడముచ్చటగా ఉండేవి, అది నిజం.

ఒకరోజు నీళ్ళకి పోయే ఆడవాళ్ళు దడి దగ్గర ఆగి అన్నారు. "ఈవిడ చెయ్యీ మంచిదే."

చెయ్యి కాదు, చెయ్యీ. చూశారా, ఆ చివర సాగదీత? అది వెళ్ళి పందిరమ్మ గుండెల్లో ముల్లులా దిగింది. ఆ పూట అన్నం సయించలేదు. ఇంకొన్నాళ్ళు పోతే ఆ చెయ్యీ కాస్తా చెయ్యే అవుతుందని, అప్పుడు చేట తన గుమ్మం దాటి పోతుందని ఆవిడకి భయం పట్టుకుంది.

ఆ వీధిలో మొక్కలు ఇచ్చిపుచ్చుకోడానికి ఒక మర్యాద ఉంది. అడిగితే లేదనకూడదు. అడక్కుండా అంటగట్టకూడదు. పుచ్చుకున్నవాళ్ళు "మేలు చేశావమ్మా" అని అనకూడదు. అంటే మొక్క చచ్చిపోతుందట. ఇచ్చినవాళ్ళు బతికిందా అని ఆరా తియ్యకూడదు, పుచ్చుకున్నవాళ్ళు బతకలేదని ఫిర్యాదు చెయ్యకూడదు. ఏటా తొలి కాపు మాత్రం తీసుకెళ్ళి ఇచ్చినవాళ్ళ గుమ్మంలో పెట్టాలి. అంతే. ఇంత మంచి మర్యాదలో ఎంత దొంగతనం దాచుకోవచ్చో పందిరమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ముందు ఆవిడే అవతలికి వెళ్ళి చిక్కుడు గింజలు అడిగింది. కుండీలమ్మ బాగా ముదిరిన గింజలు ఏరి, ఆకులో పొట్లం కట్టి ఇచ్చింది. పందిరమ్మ వాటిని ఎవరి కంటా పడకూడదని మూలకి తీసుకెళ్ళి జానెడు లోతున పాతింది. అంత లోతున పాతితే ఏం మొలుస్తుంది, నా మొహం! మొలవలేదు. "కావాలనే పుచ్చు గింజలిచ్చింది మాయలాడి" అని పందిరమ్మ పళ్ళు నూరుకుంది. బదులుగా తను ఇచ్చిన గోరుచిక్కుడు గింజలకి మాత్రం నిజంగానే పురుగు పట్టి ఉంది. ఆ సంగతి ఆవిడకి గుర్తు రాలేదు.

మరో తొలకరికి ముందు కుండీలమ్మ దడి మీదుగా పిలిచింది.

"వదినా, నాకో నాలుగు ఆగాకర దుంపలు ఇస్తారా?"

పందిరమ్మ గుండెల్లో రాయి పడింది. ఇవ్వనంటే మర్యాద కాదు. ఇస్తే ఆ పగిలిన బానల్లోంచి కూడా కాయలు వేలాడతాయి. ఇక చేట ఇటు తిరిగి చూస్తుందా?

"దానికేం భాగ్యం? సాయంత్రం తవ్వి ఇస్తాను" అంది నవ్వుతూ.

ఆగాకరలో పోతుతీగ వేరు, పెంటితీగ వేరు. పెంటితీగ పువ్వు కింద చిన్న ముళ్ళ పిందె ఉంటుంది, అదే కాయవుతుంది. పోతుతీగకి పువ్వే గానీ పిందె ఉండదు. తీగ ఎండిపోయి దుంప మట్టిలో పడుకున్నాక రెండూ ఒక్కలాగే కనబడతాయి. అందుకని పోతుతీగ మొదట్లో నల్లగుడ్డ పీలిక కట్టి ఉంచుతారు. పందిరమ్మ పెరటి మూలన పీలికలు కట్టిన పోతులు కొన్ని ఉన్నాయి. "ఎరువు మింగుతాయి, కాయ ఇవ్వవు, తిండిపోతులు" అని ఆవిడ వాటిని తిట్టని రోజు లేదు. పీకి పారేద్దామని ఏటికేడు అనుకోవడం, బద్ధకించడం.

ఇప్పుడు బద్ధకించలేదు. ఉన్న పోతు దుంపలన్నీ తవ్వింది. పీలికలు కోసేసింది. గంపలో పెట్టి దడి మీదుగా అందించింది. కుండీలమ్మ రెండు చేతులూ చాచి పుచ్చుకుంది, మర్యాద ప్రకారం ఏమీ అనకుండా కళ్ళతో నవ్వింది. ఆ నవ్వు చూసి పందిరమ్మకి కాస్త సిగ్గేసింది. కాస్తే.

కుండీలమ్మ ఆ దుంపల మట్టి కడిగింది. కడుగుతూ ఒక దుంప దగ్గర కొంచెంసేపు ఆగింది. తర్వాత వాటిని బానల్లో పెట్టకుండా దడి వారన, పందిరికి ఎదురుగా నేలలోనే పాతింది.

వానలు పడ్డాయి. తీగలు దడంతా అల్లుకున్నాయి. పొద్దుగూకే వేళకి పసుపు పూలు విరగబూసేవి. దారినపోయేవాళ్ళు ఆగి ముక్కున వేలేసుకుని చూసేవారు. కాయ ఒక్కటీ లేదు. పందిరమ్మ ఇటునుంచి దడి సందుల్లో కళ్ళు పెట్టి రోజూ చూసేది. లేదు, ఇవాళా లేదు అనుకుని ఆనందంగా లోపలికి పోయేది.

ఇటు ఆవిడ పందిరి ఎప్పుడూ లేనంతగా కాసింది. "తిండిపోతులు పోయాయి కనక బలమంతా కాయలకే వచ్చింది" అనుకుని మురిసిపోయింది.

ఒక సాయంత్రం కుండీలమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆకు. ఆకులో ఒక పసుపు పువ్వు.

"కాయ రాలేదు వదినా. తొలి కాపు పెట్టాలిగా. మరి ఇదే తొలి కాపు."

ఫిర్యాదా? ఎత్తిపొడుపా? గొంతులో ఏమీ లేదు. పందిరమ్మ ఆ పువ్వు తీసుకుని, ఆవిడ వెళ్ళగానే పేడకుప్ప మీద పారేసింది.

మరుసటి ఏటి తొలకరికి చేట పందిరమ్మ గుమ్మం ముందే ఆగింది. ఆవిడ తల ఎత్తుకుని పొలం వెళ్ళింది, తొలి గింజ వేసింది, తల ఎత్తుకుని తిరిగొచ్చింది. మరి ఇంకేం కావాలి? హాయిగా ఉండొచ్చుగా! ఉండలేదు. కడుపుమంటకి కడుపు నిండడం ఎక్కడుంది? తిరిగొచ్చేసరికి అవతల దడి దగ్గర జనం. మళ్ళీ చిగురేసిన ఆ గొడ్డుతీగని చూస్తున్నారు. "కాయకపోతేనేం, ఎంత అందం!" అంటున్నారు. కాయని తీగకి కూడా మెచ్చుకోళ్ళా? పందిరమ్మ ఒళ్ళు భగ్గుమంది.

వానలు ముదిరి పూత మొదలవ్వగానే దడి దగ్గరికి వెళ్ళింది.

"చూడు, నీ మంచికోరి చెప్తున్నాను. కాయని తీగ ఇంట్లో ఉంచుకోకూడదు. పీకెయ్యి."

"మీరు ఇచ్చింది కదా వదినా. ఎలా పీకను?"

"ఇచ్చిందాన్నే చెప్తున్నాను. పీకెయ్యి."

కుండీలమ్మ "సరే. మీ మాట" అంది. మర్నాడు పొద్దున్న లేచేసరికి దడి బోసిగా ఉంది. దుంపలతో సహా పీకిన తీగలు అవతల కుప్పగా పడున్నాయి. పందిరమ్మ ఆ పూట పాయసం వండుకుంది.

ఆ తర్వాత పందిరి మీద ఒక పిందె పసుపుపచ్చబడి రాలింది. పోనీలే అనుకుంది. ఇంకోటి రాలింది. ఆ తర్వాత పందిరి కింద ఊడ్చినకొద్దీ పిందెలే. పెంటపోగు తెచ్చి మొదట్లో పోసింది. వేపపిండి నీళ్ళు పోసింది. దిష్టి తగిలిందని పందిరి గుంజకి బూడిదగుమ్మడికాయ వేలాడదీసింది. దిష్టి పెట్టింది ఎవరో కూడా ఆవిడకి తెలుసు, అవతలావిడే! పువ్వులు విచ్చుకుంటూనే ఉన్నాయి, పిందెలు రాలుతూనే ఉన్నాయి. పందిరి నిండా ఆకు, కింద చెత్త. ఏం చెయ్యాలో తోచక ఆవిడ గుంజ పట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే కుండీలమ్మ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. మళ్ళీ ఆకు, మళ్ళీ పసుపు పువ్వు.

"పీకెయ్యమన్నాను కదా! ఇదెక్కడిది?" అంది పందిరమ్మ.

"ఒక్క దుంప పగిలిన బానలో వెనకపెరట్లో దాచుకున్నాను. ఏటా తొలి కాపు తేవాలిగా, మర్యాద తప్పకూడదు."

ఆవిడ వెళ్ళిపోయాక పందిరమ్మ కోపంగా ఆ పువ్వుని పందిరి మీదికి విసిరింది. అది వెళ్ళి అప్పుడే విచ్చుకున్న ఒక పువ్వు మీద బోర్లా పడింది. రెండు పువ్వులూ మూతికి మూతి ఆనించుకుని అలాగే ఉండిపోయాయి.

ఆ ఏడు ఆ ఒక్క పిందె రాలలేదు. ముళ్ళు విప్పుకుంది, బొద్దుగా అయింది, కాయయింది. పందిరంతా వెతికితే అదొక్కటే.

పందిరమ్మ దాని కింద కూర్చుంది. పొద్దుగూకుతోంది. బూడిదరంగు రెక్కపురుగు ఒకటి ఎక్కణ్ణించో వచ్చింది. పందిరి మీద వాలలేదు. దడి దాటి అవతలికి పోయింది. పోతుతీగలు ఉండే చోట, ఏమీ లేని చోట, గాలిలో కాసేపు కొట్టుకుంది. తర్వాత ఇటు వచ్చింది, ఒక పువ్వు మీద పుప్పొడి లేని ఉత్త కాళ్ళతో వాలింది, లేచిపోయింది. అప్పుడు ఆవిడకి అర్థమైంది. నిరుడు పందిరి విరగ్గాసింది ఎవరి చలవో అర్థమైంది. తను తిట్టిన తిండిపోతులు ఎవరికి పెట్టాయో అర్థమైంది.

అర్థమైతే సరిపోయిందా? అవతలికి వెళ్ళి అడగాలి. అడిగితే ఆవిడ లేదనదు, మర్యాద అలాంటిది. కానీ ఏమని అడగాలి? పోతు దుంప కావాలని అడగాలి. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే, అప్పుడు తను ఇచ్చిందేమిటో తనే చెప్పినట్టు. అందుకని ఆవిడ అడగలేదు. తీగలు ఎండిపోయాయి. చలి పోయింది, ఎండలు వచ్చాయి. ఆవిడ అడగలేదు.

తొలకరి పడింది.

పెద్దరైతు చేట పట్టుకుని వీధిలోకి వచ్చాడు. పందిరమ్మ గుమ్మం కడిగి ముగ్గేసింది, కొత్తకోక కట్టుకుంది, తలుపు చాటున నిలబడింది. అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. గుమ్మం ముందు నెమ్మదించింది కూడా. తర్వాత ముందుకి సాగిపోయింది.

"తల్లీ, ఈ ఏడు నీ చెయ్యే మంచిది, రా" అన్నాడు పెద్దరైతు దడి అవతల.

చెయ్యే.

"నా తీగ కాయలేదు బాబూ. పక్కావిడ చెయ్యి చూడండి" అంది కుండీలమ్మ. పెద్దరైతు వినలేదు. కుండీలమ్మ చేట వెనక నడిచి వెళ్ళింది. పందిరమ్మ తలుపు మూసుకుని కొత్తకోక విప్పేసి, పాతకోక కట్టుకుని, నేల మీద పడుకుంది. అసూయ ఆవిణ్ణి ఆ రోజు నమిలినట్టు ఎప్పుడూ నమల్లేదు.

సాయంత్రం లేచింది. మొహం కడుక్కుంది. దడి చుట్టూ తిరిగి కుండీలమ్మ గుమ్మంలోకి వెళ్ళింది. ఆవిడ కాళ్ళకి ఇంకా పొలం బురద ఉంది.

"రండి వదినా. ఏం కావాలి?"

"దుంప."

"ఏ దుంప వదినా?"

పందిరమ్మ నేల చూసింది, చూరు చూసింది. కుండీలమ్మ సాయం చెయ్యలేదు.

"పోతు దుంప" అంది పందిరమ్మ.

కుండీలమ్మ వెనకపెరట్లోకి వెళ్ళి పగిలిన బానని ఎత్తుకొచ్చింది. కొత్త మొలక అప్పుడే తల ఎత్తింది. మొలక మొదట్లో ఒక నల్లగుడ్డ పీలిక కట్టి ఉంది. పందిరమ్మ దాన్ని చూసింది. అది తన పాతకోక అంచు. ఆనాడు పీలికలు కోసేటప్పుడు మట్టి కింద కనబడక ఒకటి మిగిలిపోయింది.

"ఆ రోజే తెలుసా నీకు?"

"దుంపలు కడిగినప్పుడు తెలిసింది."

"మరి దడి పక్కన ఎందుకు పాతావు?"

"రెక్కపురుగుకి దగ్గరగా ఉంటుందని."

"తెలిసీ, పీకెయ్యమంటే పీకేశావా?"

కుండీలమ్మ గొంతులో మొదటిసారి కోపం వినబడింది. "మీరు చెప్పారు, పీకాను. నాకూ మండదా వదినా? ఇది అప్పుడే ఇచ్చేద్దామనుకున్నాను. అడక్కుండా ఇవ్వకూడదు కదా" అంది. అని, బాన ఆవిడ చేతుల్లో పెట్టింది.

బాన బరువుగా ఉంది. పందిరమ్మ దాన్ని గుండెకి ఆనించుకుంది. ఎదురుగా ఉన్న ఆ బురదకాళ్ళని చూస్తే ఇప్పటికీ కడుపులో మంటగానే ఉంది, అబద్ధమెందుకు. అయినా ఒక మాట ఎప్పుడూ లేనిది లోపల్నించి పైకి వచ్చింది, గొంతు దాకా వచ్చింది, పెదాల దాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరికీ అనని మాట, అనాలనిపించని మాట, అంటే మొక్క చచ్చిపోతుందట, ఆ మాట.

ఆవిడ మొలక వైపు చూసి, నోరు గట్టిగా మూసుకుంది.