ముత్యం వాలిన మిద్దె

"తాతా, ఏసన్న నా పావురానికి మరుగుమందు పెట్టినాడు."

వీరనారాయణ చెప్పులైనా విడవకుండా మిద్దె ఎక్కి వచ్చి ఈ మాట అన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. దస్తగిరి తాత పావురాలు నీళ్ళు తాగే మూకుడు కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

దస్తగిరి తాతది పరుపులు కుట్టే పని. ఆ పని వదిలితే పావురాలే. ప్రొద్దుటూరులో పావురాలు ఎగరేసే వాళ్ళకు ఆయనే గురువు. నమాజు తప్పడు, నవ్వు తప్పడు.

ఆదివారం పొద్దున్నే శిష్యులంతా ఆయన మిద్దె మీద చేరతారు. పావురాలు పైకి లేచాక మనిషి చేసేదేముంది, మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం చూడటం తప్ప! అందుకే క్యారియర్లు విప్పుతారు. ఒకరు ఉగ్గాని తెస్తారు, ఒకరు చిత్రాన్నం, ఒకరు రాత్రి మిగిలిన కుష్కా. ఎవరి చేయి ఎవరి గిన్నెలో ఉందో ఎవరూ చూడరు.

వీరనారాయణ చేయి మాత్రం తన గిన్నె దాటదు. పెట్టడానికి వెనకాడే మనిషి కాదు, పాపం. నెయ్యి కారే ఓళిగలు తెచ్చి అందరికీ పంచుతాడు. ఇంకొకరు పెట్టబోతే మాత్రం "నాకు పడదప్పా" అని కడుపు నిమురుకుంటాడు. అది కడుపులో పుట్టిన జబ్బు కాదు, తాతల నాటి నుంచి వస్తున్న జబ్బు. ఆ శిష్యుల్లోనే ఒకడైన ఏసన్న ఇంటిదైతే గిన్నె మూత తీయకముందే పడేది కాదు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఏసన్నకు ఇంకా బాగా తెలుసు.

పావురాల విషయంలో తాత పెట్టిన నియమం ఒక్కటే. మన మిద్దె మీద వాలిన పరాయి పావురాన్ని దాచుకోకూడదు. దాని మనిషి వెతుక్కుంటూ వస్తే, ముందు అన్నం పెట్టి, తర్వాత పావురాన్ని చేతిలో పెట్టాలి.

వీరనారాయణకు ముత్యం అని ఒక తెల్ల పావురం ఉంది. బిడ్డలు లేని ఇల్లు. దాన్నే బిడ్డగా చూసుకునేవాడు. బాదం పలుకులు, నెయ్యిలో తడిపిన శనగలు దాని తిండి. అలాంటి ముత్యం ఈమధ్య ఎగరేసిన ప్రతిసారీ పోయి ఏసన్న మిద్దె మీద వాలుతోంది. వీరనారాయణ పోయి ఏసన్న వాళ్ళ వీధిలో నిలబడి కేకేసేవాడు. ఏసన్న పావురాన్ని పట్టుకుని దిగి వచ్చేవాడు. ఆయన భార్య కరుణమ్మ వాకిట్లోంచి, "లోపలికి రా అన్నా, ఒక ముద్ద తినిపో" అనేది. "పడదమ్మా" అని ఈయన పావురాన్ని తీసుకుని తిరుగుముఖం పట్టేవాడు.

పోయిన ఆదివారం మాత్రం నోరు జారాడు. అందరి ముందూ ఏసన్నను పట్టుకుని, "ఏం కలిపి పెడతాండావు నా పిట్టకు?" అన్నాడు. ఏసన్న తన క్యారియర్‌కు మూత పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఈరోజు ముత్యం మళ్ళీ పోయింది.

"ఏం మందో చెప్పు తాతా. నీకు తెలియందంటూ ఉండదు. నాకు విరుగుడు కావాల. ఇంటికి పోతే ఆ గూడు ఖాళీగా ఉంది. చూడలేకపోతున్నా."

తాత తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "రుచి చూస్తే గానీ ఏం మందో ఎట్ల చెప్పేది? పద."

వాళ్ళు పోయేసరికి పొద్దు గుంకుతోంది. ఏసన్న, కరుణమ్మ మిద్దె మీద చాప పరుచుకుని అప్పుడే పళ్ళేల ముందు కూర్చున్నారు. రాగిసంగటి, గోంగూర పప్పు, కారంగా నూరిన వేరుశనగ ఊరుబిండి. ముత్యం ఆ పళ్ళేల మధ్య ఇంటి పిల్లలా తిరుగుతోంది. ఏసన్న పళ్ళెం అంచుకు అంటిన మెతుకు పొడుచుకుని, పోయి కరుణమ్మ కుచ్చిళ్ళ మీద కూర్చుంది.

 వీరనారాయణ ఇంట్లో అది గూట్లో తినేది. బాదం పలుకులు వేసి, తలుపు బిగించి, తను కిందికి దిగిపోయేవాడు.

"రా తాతా" అంటూ ఏసన్న లేచాడు. వీరనారాయణ వైపు చూడలేదు. కరుణమ్మ మాత్రం ఇంకో రెండు పళ్ళేలు తెచ్చి పెట్టింది.

తాత ఆ పళ్ళేలు పక్కకు జరిపాడు. "పిట్ట తిన్న పళ్ళెంలోదే చూడాల" అని, ఏసన్న పళ్ళెంలోంచి చిన్న ముద్ద తుంచి, పప్పులో అద్ది, ఊరుబిండి అంటించి, వీరనారాయణ నోటి ముందు పట్టాడు. "నా నాలుక ముసల్దిరా. దాన్ని నమ్మొద్దు. పావురం నీది, నువ్వే చూడు."

వీరనారాయణ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏసన్న పళ్ళెం! అందులోనూ ఎంగిలి!

తాత చేయి దించలేదు. ఏసన్న నేల చూపులు చూస్తున్నాడు. కరుణమ్మ గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. ముత్యం ఒక్కటే ఏమీ పట్టనట్టు రెక్కలు సవరించుకుంటోంది.

వీరనారాయణ దాన్ని చూశాడు. కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

ముద్దను నాలుక మీద ఉంచుకుని చేదు కోసం వెతికాడు. చేదు లేదు. రాగుల కమ్మదనం, గోంగూర పులుపు. అంతలో ఊరుబిండి కారం నషాళానికి అంటింది. కరుణమ్మ గబుక్కున మజ్జిగ చెంబు అందించింది. గటగటా తాగేశాడు.

"తెలిసిందా?" అన్నాడు తాత.

"ఇంకా తెలియలేదు" అన్నాడు వీరనారాయణ. చాప మీద కూర్చుని, ఈసారి తన చేత్తోనే ఏసన్న పళ్ళెంలోంచి తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంకో ముద్ద. ఎవరూ నవ్వలేదు. నవ్వితే మనిషి ఎక్కడ లేచిపోతాడో అని భయం.

ముందు మాట్లాడింది ఏసన్నే. "నువ్వు ఆ మాట అన్ననాడు నాకు ముద్ద దిగలేదన్నా."

వీరనారాయణ చేయి పళ్ళెంలో ఆగిపోయింది. "నా నోట్లో మన్ను పడ" అన్నాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతినిండా కారం.

"మన్నెందుకన్నా, సంగటి ఉంది కదా" అని కరుణమ్మ పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది.

తిన్నారు. చేతులు కడుక్కున్నారు. తాత చెప్పిన నియమం ప్రకారం ఏసన్న ముత్యాన్ని తెచ్చి వీరనారాయణ చేతుల్లో పెట్టాడు. వెచ్చగా ఉంది. దాని చిన్న గుండె వేళ్ళకు తగులుతోంది. వీరనారాయణ దాన్ని చెంపకు ఆనించుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత మెల్లగా చాప మీదికి దించాడు.

"ఈ రాత్రికి ఉండనీలే. రేపు ఇదే పొద్దుకు వచ్చి తీస్కపోతా."

ఏసన్న ఏదో అనబోయాడు. తాత అతని భుజం మీద చేయి వేసి ఊరుకోబెట్టాడు.

"రేపు ఏం వండమంటావన్నా?" అని అడిగింది కరుణమ్మ.

వీరనారాయణ తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు.

"మీరేం తింటే అదే, చెల్లెలా."