పెంటమ్మ గుంజ

అనగనగా, మా తాతకి తాత ఇంకా నేల మీద పాకుతున్న రోజుల్లో, వేగులపట్నం అని ఒక పెద్ద ఊరు ఉండేది. ఆ పట్నానికి తూర్పున ఒక గుట్ట. రాళ్ళ గుట్ట కాదు, చెత్త గుట్ట. అప్పుడే ముక్కు మూసుకున్నవాళ్ళు చెయ్యి తీసెయ్యండి. కథకి వాసన ఉండదు.

ఆ పట్నంలో జనం తినేది తినేవాళ్ళు, పారేసేది పారేసేవాళ్ళు. అరటి తొక్కా, పగిలిన గాజూ, విరిగిన కుండా, పాచిపోయిన కూరా అన్నీ ఒకే బుట్టలో పడేవి. ఆ బుట్ట పోయి గుట్ట మీద పడేది. ఏడాదికేడాది గుట్ట లావెక్కేది. లావెక్కి పక్కకి జరిగేది. దాని కాళ్ళ దగ్గర కొన్ని గుడిసెలు. అందులో ఒక గుడిసె పెంటమ్మది.

ఆ పేరేమిటని నవ్వకండి. పెంటమ్మ తల్లికి అంతకు ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. అందుకని ఈ పిల్ల పుట్టగానే చేటలో వేసి గుట్ట మీద పడుకోబెట్టింది. పక్కింటామె పోయి, "అయ్యో, ఎవరో పిల్లని పెంట మీద పారేశారమ్మా" అంటూ ఎత్తుకొచ్చింది. తల్లి చారెడు తవుడిచ్చి కొనుక్కుంది. పారేసిన పిల్ల జోలికి చావు రాదని అప్పటివాళ్ళ నమ్మకం. నిజంగానే రాలేదు. పిల్ల గట్టిగా బతికింది. నోరు అంతకన్నా గట్టిగా పెరిగింది.

"నాకు ఇద్దరమ్మలు" అనేది పెంటమ్మ. "ఒకమ్మ కన్నది. ఒకమ్మ కాచింది."

కాచిన అమ్మంటే గుట్టే. కన్నతల్లీ పోయింది, కట్టుకున్నవాడూ పోయాడు. పెంటమ్మకి మిగిలింది గుడిసె, మేక, ఆ గుట్ట.

ఒక ఎండాకాలం పట్నం పెద్ద గంగినీడు గుట్ట చూడ్డానికి వచ్చాడు. ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "గుట్టకి చోటు చాలట్లేదు. ఈ గుడిసెలు పీకెయ్యాలి" అన్నాడు.

"మేమెక్కడికి పోవాలయ్యా?" అన్నారు గుడిసెలవాళ్ళు.

"గుట్ట రాని చోటికి."

గుట్టకీ గుడిసెలకీ మధ్యలో పెంటమ్మ మేకని కట్టేసే గుంజ ఒకటి పాతి ఉంది. పెంటమ్మ పోయి దాన్ని పట్టుకుంది.

"అయ్యా, గుట్ట ఈ గుంజ దాటితే కదా మా మీదికొచ్చేది! దాటకపోతే?"

"దాటకుండా ఎవరాపుతారే?"

"నేను. రేపట్నుంచి మీ పట్నం పారేసిందంతా నేనూ మా అమ్మా కలిసి తినేస్తాం."

జనం పగలబడి నవ్వారు. గంగినీడూ నవ్వాడు. నవ్వేసరికి కండువా జారింది, వాసన గుప్పుమంది. అక్కడ ఇంకో మాట మాట్లాడే ఓపిక లేక గబగబా ఒప్పుకున్నాడు.

"సరే! మళ్ళీ మామిడి పూత వచ్చేదాకా చూస్తా. గుంజ గుట్టలో మునిగిందా, ఆ రోజే గుడిసెలు లేపేస్తా."

మర్నాడు పొద్దున్నే పెంటమ్మ నెత్తిన బుట్ట పెట్టుకుని పట్నంలోకి పోయింది. వీధి మొదట్లో నిలబడి కేకేసింది.

"మా అమ్మకి ఆకలేస్తోంది, ఇంత పెట్టండి తల్లీ!"

ఆ వీధిలో మొదటి ఇల్లు అచ్చాయమ్మది. మంచి మనిషే, మాట మాత్రం పచ్చిమిరపకాయ. పాపం ఎవరో ఆకలి మనిషి అనుకుని గిన్నెడు అన్నం పట్టుకొచ్చింది.

"అన్నం వద్దొదినా. అరటి తొక్కలుంటే పెట్టు."

"తొక్కలు తినే అమ్మ ఎవరే? అయినా నీకు నేను వదిన్ని ఎప్పుడయ్యానే?"

"మా అమ్మకి పెట్టినామె నాకు వదిన కాక పిన్నవుతుందా?"

"ఇంకోసారి వదినా అన్నావంటే చెంబుతో కొడతా!" అంటూనే ఇంట్లో చెత్తంతా తెచ్చి బుట్టలో బోర్లించింది అచ్చాయమ్మ.

అలా వీధి వీధీ తిరిగి, తెచ్చిందంతా గుడిసెల వెనక ఖాళీ జాగాలో కుప్ప పోసింది పెంటమ్మ. మాగితే ఎరువవుతుంది, తోటలవాళ్ళు పట్టుకుపోతారు, గుట్ట మీద పడేదేమీ ఉండదు. అదీ ఆమె లెక్క. కొన్నాళ్ళు పోయాక తిరగేద్దామని కుప్పలో చెయ్యి పెట్టింది. చెయ్యి చీరుకుపోయింది. లోపల్నుంచి ఆకుపచ్చ గాజుముక్క ఒకటి బయటపడింది. పెంకులూ, ముళ్ళూ, విరిగిన కత్తీ అన్నీ అందులోనే ఉన్నాయి. కాళ్ళు తెగుతాయని తోటలవాళ్ళు దాని వంక చూడలేదు. చేసేది లేక కుప్పంతా మళ్ళీ గుట్టకే చేరింది. గుట్ట గుంజ వైపు జరిగింది.

పెంటమ్మ మళ్ళీ వీధి మొదట్లో నిలబడింది.

"మా అమ్మకి ఆకలేస్తోంది, ఇంత పెట్టండి తల్లీ!"

అచ్చాయమ్మ వచ్చింది. పెంటమ్మ గాజుముక్క చూపించింది.

"నీదే కదూ వదినా? మా అమ్మ నోట్లో గుచ్చుకుంది. నువ్వు మీ పిల్లలకి అన్నంలో గాజుముక్కలు కలిపి పెడతావా?"

అచ్చాయమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. పెంటమ్మ చేతికి కట్టిన గుడ్డ చూసి మూసింది.

"పసుపు పెట్టావా దానికి?" అంది చివరికి. లోపలికి పోయి రెండు తట్టలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. "ఇందులో తొక్కలు, అందులో పెంకులు. ఇంకోసారి వదినా అన్నావంటే మాత్రం చెంబుతో కొడతా!"

ఆ వీధికి అచ్చాయమ్మ నోరంటే హడల్. సాయంత్రానికల్లా ప్రతి గుమ్మం దగ్గరా రెండు తట్టలు వెలిశాయి.

ఇక అంతా బాగుపడిందనుకున్నారా? అంత తొందరెందుకు! ఈసారి కుప్పలో గాజు లేదు, పెంకు లేదు, అన్నీ తొక్కలే, అంతా పచ్చిదే. వానలు పడ్డాయి. కుప్ప జిగటైపోయింది, ఈగలు ముసిరాయి. దాని కంపు నేరుగా పోయి గంగినీడు భోజనం విస్తట్లో కూర్చుంది. పైగా అది ఎరువు కాలేదు కనక మళ్ళీ గుట్టకే పోయింది. ఈసారి గుట్ట కాలు గుంజని తాకింది. మేక భయపడి గుడిసెలోకి దూరింది.

పెంటమ్మ కుప్ప ముందు కూలబడింది. తిట్టడానికని అంత దూరం నడిచొచ్చిన అచ్చాయమ్మకి అది చూస్తే ఒళ్ళు మండింది.

"ఏమే, కూర్చుంటే తగ్గుతుందా? పొద్దున పులుసు, మధ్యాహ్నం పులుసు, రాత్రి పులుసు పోస్తే ఎవరి కడుపైనా చెడుతుంది. మీ అమ్మకి అజీర్తి చేసిందే! కాస్త పొడిగా ఏదైనా పెట్టు!"

పెంటమ్మ తల ఎత్తింది. "వదినా! నువ్వు వైద్యురాలివి!"

"చెంబు!" అంది అచ్చాయమ్మ.

మూడోసారి పెంటమ్మ రెండు బుట్టలతో బయల్దేరింది. ఒకదాంట్లో తొక్కలు. రెండోదాంట్లో వీధులూడ్చిన ఎండుటాకులు, పశువులు వదిలేసిన గడ్డి. ఒక పొర పచ్చిది, ఒక పొర ఎండుది. మంచానపడ్డవాళ్ళని ఒత్తిగిలించినట్టు అప్పుడప్పుడూ కుప్పని తిరగేసేది, ఊపిరాడాలని.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున పట్నం లేచి చూస్తే కుప్పలోంచి పొగ!

"అంటుకుంది! అంటుకుంది!" గంగినీడు అరిచాడు. జనం బిందెలతో నీళ్ళు మోసుకుని పరిగెత్తారు. పెంటమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది.

"అది పొగ కాదయ్యా, ఆవిరి! ఒళ్ళు వెచ్చగా ఉందని బిడ్డ మీద బిందెడు నీళ్ళు కుమ్మరిస్తావా?"

"తప్పుకో! పట్నం కాలిపోతుంది!"

అప్పుడు అచ్చాయమ్మ ముందుకొచ్చి, గాజులు వెనక్కి తోసుకుని, మోచేతి దాకా చెయ్యి కుప్పలో పెట్టింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అచ్చాయమ్మ చెయ్యి తియ్యలేదు.

"ఏమైంది?" అన్నాడు గంగినీడు.

"ఏమీ కాలేదు. చలికి హాయిగా ఉంది. మీరూ పెట్టండి."

గంగినీడు భయం భయంగా ఒక చెయ్యి పెట్టాడు. చటుక్కున తీశాడు. కాసేపు ఆలోచించాడు. తర్వాత రెండు చేతులూ పెట్టాడు. ఆ చలికాలమంతా ఆ కుప్ప చుట్టూ పిల్లలూ ముసలివాళ్ళూ వరసకట్టి చేతులు కాచుకున్నారు. కాచుకోవడానికి వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు, తలా ఒక తట్ట తెచ్చారు.

మామిడి పూత వచ్చింది. గంగినీడు వచ్చాడు. గుంజ నిలబడే ఉంది. దానికి గుమ్మడి తీగ చుట్టుకుంది, తీగకి పచ్చని పువ్వు. కుప్ప ఉన్న చోట నల్లటి పొడి మట్టి. గంగినీడు అలవాటుగా కండువా ముక్కు దాకా తెచ్చి ఆగాడు. తొలకరి పడ్డ నేల లాంటి వాసన.

"గుట్ట అలాగే ఉందేమే?" అన్నాడు.

"పోతుందని నేనెప్పుడన్నానయ్యా? గుంజ దాటదన్నాను."

గంగినీడు నవ్వాడు. ఈసారి కండువా జారినా పట్టించుకోలేదు. గుడిసెలు నిలిచాయి. తోటలవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చారు. ముందు తనకే కావాలని గంగినీడు మామిడితోట మాలి అందరికన్నా ముందొచ్చి నిలబడ్డాడు.

ఏళ్ళు గడిచాయి. పెంటమ్మ జుట్టు నెరిసింది. కేక మాత్రం నెరవలేదు. రోజూ అదే కేక, రోజూ అదే వదినా, రోజూ అదే చెంబు. ఆ చెంబు ఒక్కసారి కూడా లేవలేదు.

ఒక పొద్దున వీధిలో కేక వినపడలేదు. గుమ్మాల ముందు తట్టలు నిండి ఉన్నాయి. అచ్చాయమ్మ బయటికొచ్చి వీధి చివరిదాకా చూసింది.

"మా వదిన ఇంకా రాలేదేం?" అంది.

తన నోట ఏ మాట వచ్చిందో తనకే అప్పుడు తెలిసింది. తన తట్ట తనే నెత్తిన పెట్టుకుంది. నడుస్తూ కేకేసింది.

"మా అమ్మకి ఆకలేస్తోంది, ఇంత పెట్టండి తల్లీ!"

ఒక్కో ఇంట్లోంచి ఒక్కొక్కరు తట్ట ఎత్తుకున్నారు. వీధులన్నీ తూర్పుకి నడిచాయి. గుడిసెలో కన్నుమూసిన పెంటమ్మని ఆ నల్లమట్టిలోనే పడుకోబెట్టి, చేటలో పోసిన మట్టి తలా ఒక గుప్పెడు వేశారు. నెత్తి దగ్గర ఆ గుంజే పాతారు.

ఇప్పటికీ వేగులపట్నంలో తొక్కలు మాగబెట్టే జాగా ఎక్కడ కొత్తగా మొదలుపెట్టినా ముందు ఒక గుంజ పాతుతారు. కొత్త కోడలు కాపురానికొస్తే అత్తగారు రెండు తట్టలు చేతికిచ్చి, "ఇది గుట్టకి, ఇది వదినకి" అంటుంది. తొక్కల బండి ఎవరు తోసుకొచ్చినా, ఆడైనా మగైనా, మీసాలున్నా లేకున్నా, ఆ వీధి వాళ్ళు "వదిన వచ్చింది" అనే అంటారు. చలికాలం పొద్దున కుప్పలో చెయ్యి పెట్టి పిల్లలు, "అత్తా, ఒళ్ళు వెచ్చగా ఉందా?" అని అడుగుతారు. వెచ్చగానే ఉంటుంది.

నమ్మనివాళ్ళు పోయి చెయ్యి పెట్టి చూసుకోండి. గాజులున్నవాళ్ళు వెనక్కి తోసుకోండి. కథ కుప్పకి చేరింది, ఇక మనం మన గుమ్మానికి చేరదాం. దారిలో ఆ అరటి తొక్క అక్కడ పారెయ్యకు, నేను చూస్తూనే ఉన్నాను!