దళవాయి జరీ తలపాగా

విరోధి నామ సంవత్సరం వేసవిలో కోట సైన్యాన్ని నడపడానికి కొత్త దళవాయి వచ్చాడు. కవాతులో బంటు గుండెకు ఖాళీ తుపాకి గురిపెట్టి మీట నొక్కేవాడు. రెప్ప వేస్తే కొలువు ఊడినట్టే.

ఆరోజు గుమ్మం కాపలావాడి తుపాకి లాక్కుని సింగన్న అనే బంటు ముందు నిలబడ్డాడు. మజ్జిగ తెచ్చిన సింగన్న భార్య కోనమ్మ ముంత దించి ముందుకొచ్చింది.

“దొరా, లోపల మందు లేదని చూశారా?”

“ఖాళీదేనే, పిచ్చిదానా!”

“అయితే ముందు మీ జరీ తలపాగా మీద నొక్కండి. గుడ్డకు లేని గండం నా మొగుడికీ ఉండదు.”

బంట్లు కిసుక్కుమన్నారు. దళవాయి రోషంతో తలపాగాను సింగన్న పక్కనున్న గుంజకు తగిలించి మీట నొక్కాడు. కోట దద్దరిల్లింది. తలపాగా పేలికలైంది. దళవాయి ఆ ఆట మళ్ళీ ఆడలేదు.

కోనమ్మ మొగుడి గుండె మీద చెయ్యేసి, కుడి చెవిలో మెల్లగా, “భయమేసిందా మావా?” అంది.

సింగన్నకు వినపడలేదు. ఆ మోతకు అతని కుడి చెవి పోయింది.